లెక్క చూసుకునే నాయిక: హిదెకో తకమినే సినీ జీవితం

1960లో విడుదలైన ‘ఒన్న గ కైదాన్ ఒ అగరు తొకి’ (స్త్రీ మెట్లెక్కే వేళ) అనే జపనీస్ చిత్రంలో నాయిక పేరు కెయికో. ఆమె ముప్ఫై ఏళ్ల వితంతువు, టోక్యో నగరంలో ఖరీదైన గింజా పేటలో మేడమీద ఉన్న ఒక బార్‌ను నడుపుతూ ఉంటుంది. అందరూ ఆమెను ‘మామా’ (బార్ యజమానురాలిని పిలిచే మాట) అని పిలుస్తారు గానీ బార్ ఆమెది కాదు, ఆమె జీతానికి పనిచేసే మనిషి. మంచి కిమోనో లేకపోతే వచ్చేవారు తగ్గుతారు, మంచి ఇల్లు లేకపోతే పరువు తగ్గుతుంది, కాబట్టి సంపాదించినదంతా సంపాదన నిలబెట్టుకోవడానికే ఖర్చయిపోతుంది. మిగిలిన కాస్తా పుట్టింటికి పోతుంది: అన్నకు కోర్టు ఖర్చులు, అతని కొడుకు కాలికి ఆపరేషన్. ఇదే వృత్తిలో ఉండి సొంతంగా బార్ పెట్టుకున్న యూరి అనే స్నేహితురాలు అప్పుల్లో మునిగి చనిపోతే, ఆ చావు ఇంటికే అప్పులవాడి మనిషి వచ్చి బాకీ సంగతి ఎత్తుతాడు. కథలో ప్రేమ ఉంది, మోసం ఉంది, కన్నీరు కూడా ఉంది. అయితే సినిమా చూసి లేచాక ప్రేక్షకుడి మనసులో నిలిచేది ఆ స్త్రీ నెలాఖరుకు వేసుకునే జమాఖర్చుల లెక్క.

కెయికోగా నటించిన హిదెకో తకమినేకు అప్పటికి ముప్ఫై ఆరేళ్లు నిండలేదు, కానీ కెమెరా ముందు మూడు దశాబ్దాల అనుభవం ఉంది. ఈ చిత్రంలో కిమోనోల ఎంపిక కూడా ఆమెదే. దుస్తుల రూపకర్తగా తెరమీద ఆమె పేరు పడుతుంది. ఏ కిమోనో ఎవరి మీద ఎలాంటి ప్రభావం చూపాలి, దానికి ఎంత ఖర్చవుతుంది అని ఆలోచించే పాత్రకు దుస్తులు ఎంచే పని ఆమెకు అప్పగించడం యాదృచ్ఛికం అనుకోనక్కర్లేదు. యుద్ధానంతర జపాన్ సినిమాలో గొప్ప నటీమణులకు కొదవ లేదు. సెత్సుకో హారా, కినుయో తనకా, మచికో క్యో, ఇసుజు యమదా వంటి వారి మధ్య తకమినేది ప్రత్యేకమైన స్థానం కావడానికి కారణం అందమో, పాత్రల సంఖ్యో కాదు. బతుకుతెరువు కోసం పనిచేసే స్త్రీని, ఆ పనిలోని అలసటను, ఆ అలసటలోనూ తెగిపోని పట్టుదలను ఆమె అంత సూక్ష్మంగా తెరమీదికి తెచ్చినవారు మరొకరు కనబడరు. అది ఆమెకు పరాయి అనుభవం కాదు.

ఆమె 1924 మార్చి 27న జపాన్ ఉత్తర దీవి హొక్కైదోలోని హకొదాతే రేవు పట్నంలో పుట్టింది. పసితనంలోనే తల్లి క్షయతో చనిపోగా, మేనత్త షిగే పెంచుకుంది. మూకీల కాలంలో తెర పక్కన నిలబడి కథ వినిపించే ‘బెన్షి’ల వృత్తిలో ఆ మేనత్తకు పరిచయం ఉండేది, తకమినే హిదెకో అన్న రంగస్థల నామం నిజానికి మేనత్తదే. 1929లో షోచికు సంస్థ వారి కమతా స్టూడియోలో ‘హహ’ (అమ్మ) అనే చిత్రానికి పిల్లలను ఎంపిక చేస్తుండగా వరుసలో నిలబెట్టిన ఐదేళ్ల హిదెకో ఎంపికయింది. అక్కడినుంచి వరుసగా సినిమాలే. జుట్టు కత్తిరించి మగపిల్లల వేషాలు కూడా వేయించారు. 1931లో యసుజిరో ఓజు తీసిన ‘టోక్యో నో కోరస్’ అనే మూకీలో ఉద్యోగం పోగొట్టుకున్న తండ్రి కూతురుగా కనిపించే చిన్నపిల్ల ఆమే.

బాలనటి అన్న మాట వినడానికి ముద్దుగా ఉంటుంది. ఆ పిల్ల సంపాదన మీద ఎంతమంది ఆధారపడ్డారన్నది చాలాకాలం ఎవరికీ పట్టలేదు. ఇంటిల్లిపాదినీ పోషించే బాధ్యత పదేళ్లు నిండకముందే ఆమె మీద పడింది, బడికి వెళ్లే తీరిక దొరకలేదు. 1937లో తోహో సంస్థకు మారిన తర్వాత టోక్యోలోని బుంకా గకుయిన్ అనే పాఠశాలలో చేరింది గానీ, షూటింగులకూ చదువుకూ పొత్తు కుదరక అదీ మధ్యలో ఆగిపోయింది. సెట్‌లో దొరికిన ఖాళీ సమయంలో పుస్తకాలు చదివి అక్షరాలు గట్టి చేసుకున్న మనిషి తర్వాతి కాలంలో జపాన్ దేశమంతా ప్రేమించిన బడిపంతులమ్మగా, రచయిత్రిగా పేరు తెచ్చుకుంది. ఈ వైచిత్రిని ఆమె తన ఆత్మకథలో దాచుకోలేదు.

బాలనటులు పెద్దయ్యాక ప్రేక్షకులకు పనికిరాకుండా పోవడం ఏ దేశంలోనైనా చూసేదే. ఆ గండాన్ని తకమినే దాటడానికి రెండు సినిమాలు ఎక్కువగా తోడ్పడ్డాయి, రెండూ కజిరో యమమోతో దర్శకత్వంలోవే. 1938 నాటి ‘త్సుజురికతా క్యోషిత్సు’ (వ్యాసరచన తరగతి)లో ఆమె రేకులపని చేసే పేద కార్మికుడి కూతురు. 1941లో వచ్చిన ‘ఉమ’ (గుర్రం)లో ఒక గుర్రప్పిల్లను సాకే రైతుపిల్ల. ఈ రెండో చిత్రం చాలాభాగం ఈశాన్య జపాన్ పల్లెల్లో తీశారు. దానికి సహాయ దర్శకుడిగా ఎక్కువ బరువు మోసినవాడు అకిర కురొసావా. వారిద్దరి మధ్య చిగురించిన అనురాగాన్ని పెద్దలు తుంచేసిన కథ ప్రసిద్ధమే. విశేషమేమిటంటే ఆ తర్వాత కురొసావా ఒక్కడే దర్శకత్వం వహించిన ఏ చిత్రంలోనూ ఆమె నటించలేదు.

1941లోనే మరొక చిన్న చిత్రం వచ్చింది: ‘హిదెకో నో షషో-సాన్’ (బస్సు కండక్టర్ హిదెకో). దర్శకుడు మికియో నరుసే. గంటకు మించని నిడివి, యమనాషి ప్రాంతంలో గతుకుల రోడ్డు మీద నడిచే డొక్కు బస్సు, దానికి ప్రయాణికులను ఎలా రప్పించాలా అని ఆలోచించే కండక్టరమ్మాయి. పైకి సరదా కథే, కానీ చివరికి బస్సు కంపెనీ యజమాని చెప్పాపెట్టకుండా వ్యాపారం అమ్మేశాడన్న సంగతి ప్రేక్షకుడికి తెలుస్తుంది, పాపం ఆ అమ్మాయికి ఇంకా తెలియదు. ఉత్సాహంగా పనిచేసే స్త్రీ, ఆమెకు కనబడకుండా ఎక్కడో జరిగిపోయే డబ్బు వ్యవహారం. వీరిద్దరూ కలిసి 1966 దాకా చేసిన పదిహేడు చిత్రాలకు విత్తనం ఇందులోనే ఉంది.

యుద్ధం ముగిశాక స్టూడియోలలో మొదలైన గొడవలు ఆమె దారిని మార్చాయి. అమెరికా ఆక్రమణ పాలన తొలినాళ్లలో కార్మిక సంఘాలకు ప్రోత్సాహం ఉండేది. తోహోలో సంఘం బలపడి 1946 నుంచి మూడు విడతలుగా పెద్ద సమ్మెలు జరిగాయి. రెండో సమ్మె సమయంలో దానితో విభేదించిన పదిమంది తారలు ఒక జట్టుగా బయటికి వచ్చారు. కజుఓ హసెగావా, దెంజిరో ఓకోచి, సెత్సుకో హారా, ఇసుజు యమదాలతోపాటు తకమినే కూడా అందులో ఉంది. వారి చుట్టూ అల్లుకున్నదే 1947లో ఏర్పడిన షిన్-తోహో సంస్థ. ఇక 1948 వేసవిలో తోహో స్టూడియోను ఖాళీ చేయించడానికి పోలీసులకు తోడుగా అమెరికా సైన్యం ట్యాంకులూ విమానాలూ దించింది. యుద్ధనౌక తప్ప అన్నీ వచ్చాయని అప్పట్లో చెప్పుకునేవారు. ఆనాటికి ఆమె తోహోలో లేదు.

షిన్-తోహోలోనూ ఆమె ఎంతోకాలం నిలవలేదు. 1950లో అక్కడినుంచి బయటికి వచ్చి ఏ సంస్థకూ చెందని స్వతంత్ర నటిగా మారింది. దీని విలువ అర్థం కావాలంటే నాటి జపాన్ స్టూడియోల పద్ధతి తెలియాలి. దర్శకుడి నుంచి లైట్‌బాయ్ దాకా అందరూ సంస్థకు జీతగాళ్లు. తారల ముఖాలు, వారికిచ్చే పాత్రలు, వారు ఎవరితో నటించాలి అన్నదంతా సంస్థ నిర్ణయం. 1953లో షోచికు, తోహో, దాయెయి, షిన్-తోహో, తోయెయి అనే ఐదు సంస్థలు ఒకరి నటులను, దర్శకులను మరొకరు లాక్కోకూడదని ఒప్పందం చేసుకోవడంతో ఆ కట్టు మరింత బిగిసింది. ఈ ఒప్పందానికి మూడేళ్ల ముందే గూటినుంచి బయటపడిన తకమినే ఏ సినిమాకు ఆ సినిమాగా మాట్లాడుకోగలిగింది, కథ నచ్చకపోతే కాదనగలిగింది. ఒకే కాలంలో షోచికులో కెయిసుకె కినోషితతోనూ, దాయెయిలోనూ తోహోలోనూ నరుసేతోనూ, మరోచోట హెయినోసుకె గోషోతోనూ పనిచేయడం జీతపు తారలకు సాధ్యమయ్యే పని కాదు. ఆమె పాత్రలలో కనిపించే వైవిధ్యాన్ని ప్రతిభ ఖాతాలో మాత్రమే వేసే విమర్శకులు ఈ ఒప్పంద పత్రాల సంగతి మరిచిపోతుంటారు.

స్వేచ్ఛ దొరికిన వెంటనే ఆమె చేసిన సినిమా ‘కర్మెన్ కొక్యో ని కయెరు’ (కార్మెన్ సొంతూరికి వచ్చింది, 1951). జపాన్‌లో పూర్తి నిడివి రంగుల చిత్రం ఇదే మొదటిది. దేశంలోనే తయారైన ఫుజి రంగుల ఫిల్ము మీద నమ్మకం చాలక, ప్రతి సన్నివేశాన్నీ నలుపు తెలుపుల్లో మళ్లీ తీశారు. అంటే నటులు ఒకే సినిమాను రెండుసార్లు నటించారు. అసామా అగ్నిపర్వతం నీడలోని పల్లెకు టోక్యో నుంచి రంగురంగుల బట్టలతో దిగిన లిలీ కార్మెన్ తాను గొప్ప కళాకారిణినని నమ్ముతుంది. ఆమె ‘కళ’ బట్టలు విప్పే నృత్యమని ఊరివారికి మెల్లగా తెలుస్తుంది. తకమినే ఆ పాత్రను ఎక్కడా వెక్కిరించలేదు. ఆ అమ్మాయి తన పని పట్ల చూపే గౌరవాన్ని ఎంత నిజాయితీగా నటించిందంటే, నవ్వుతూ నవ్వుతూనే ప్రేక్షకుడు ఆమె పక్షం చేరతాడు. విడుదలయ్యాక, పేరుప్రతిష్ఠలకూ పెంపుడుతల్లి అజమాయిషీకీ దూరంగా కొన్ని నెలలు పారిస్‌లో ఒంటరిగా గడిపి వచ్చింది. తిరిగి వచ్చిన ఏడాదే నరుసే ‘ఇనజుమా’ (మెరుపు)లో టోక్యో బస్సుల్లో నగర విశేషాలు వినిపించే గైడుగా కనిపించింది. పదకొండేళ్ల నాటి కండక్టరమ్మాయి పెద్దదై, నలుగురు తండ్రులకు పుట్టిన నలుగురు తోబుట్టువుల మధ్య, డబ్బు కోసం పెళ్లిళ్లు కుదిర్చే ఇంటినుంచి విడిపోయి సొంత గది వెతుక్కున్నట్టు ఉంటుంది.

1954 వచ్చేసరికి ఆమెకు ముప్ఫై ఏళ్లు. ఆ ఏడాది ‘కినెమా జున్‌పో’ పత్రిక విమర్శకులు ఎంపిక చేసిన ఉత్తమ చిత్రాల జాబితాలో కురొసావా ‘ఏడుగురు సమురాయిలు’ మూడో స్థానంలో ఉంది. పై రెండు స్థానాలూ కినోషిత చిత్రాలవే, రెండింటిలోనూ తకమినే ఉంది. మొదటి స్థానంలో నిలిచినది సకయె త్సుబోయి నవల ఆధారంగా తీసిన ‘నిజూషి నో హితొమి’ (ఇరవై నాలుగు కళ్లు). జపాన్ దీవుల మధ్యనున్న లోపలి సముద్రంలోని షోదో దీవిలో 1928లో ఒకటో తరగతి పిల్లలు పన్నెండుమందికి పాఠం చెప్పడానికి సైకిలెక్కి వచ్చిన ఓయిషి టీచర్ కథ ఇది. దీవి ఆడవాళ్లు ఆమె సైకిలునూ, పాశ్చాత్య దుస్తులనూ చూసి ముక్కున వేలేసుకుంటారు. పద్దెనిమిదేళ్లు గడుస్తాయి. మగపిల్లలు యుద్ధానికి పోతారు, ఆడపిల్లలలో కొందరిని పేదరికం మింగుతుంది, ఓయిషి భర్త యుద్ధంలో చనిపోతాడు, ఆకలి రోజుల్లో కూతురు చెట్టుమీదినుంచి పడి పోతుంది.

ఈ సినిమాను కన్నీటి ప్రవాహమని తేలికచేసేవారు జపాన్‌లోనూ ఉన్నారు. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు, ఎందుకంటే యుద్ధంలో జపాన్ ఇతరులకు చేసిన కీడు ఇందులో కనబడదు, తాను పడిన బాధ ఒక్కటే కనబడుతుంది. తకమినే నటనను మాత్రం ఆ విమర్శ తాకదు. ఇరవై దాటిన యువతిగా మొదలై నలభై దాటిన వితంతువుగా ముగిసే పాత్రలో ఆమె వయసును వేషంతో కాక నడకతో చూపింది. సైకిలు మీద రివ్వున వచ్చిన మనిషి చివరికి అదే దారిలో నడిచి వచ్చేటప్పుడు భుజాలు ఎంత దిగాయో గమనించాలి. ముగింపు దగ్గర పాత విద్యార్థులు కలుసుకున్న చోట, యుద్ధంలో చూపు పోగొట్టుకున్న ఇసొకిచి చిన్ననాటి తరగతి ఫోటోను చేతిలోకి తీసుకుని, ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారో వేలితో తడిమి చెబుతాడు. వేలు కొంచెం పక్కకు పోతుంది. టీచర్ దానిని సరిదిద్దదు, ఊఁ కొడుతూ వింటుంది. తకమినే ఆ ఊఁకొట్టడంలో పెట్టినది మాటల్లో రాయడం కష్టం.

మరుసటి ఏడాది జనవరిలో వచ్చిన ‘ఉకిగుమో’ (తేలే మబ్బులు) దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఓయిషి టీచర్‌ను చూసి కళ్లొత్తుకున్న జనానికి నరుసే చూపినది యుకికో అనే పరువు తక్కువ స్త్రీని. ఫుమికో హయాషి నవలకు యోకో మిజుకి సినిమా కథనం రాసింది. యుద్ధకాలంలో ఫ్రెంచి ఇండోచైనాలోని దలాత్‌లో (నేటి వియత్నాం) అటవీశాఖ టైపిస్టుగా పనిచేస్తూ, పెళ్లయిన అధికారి తొమియోకాను ప్రేమించిన యుకికో, ఓటమి తర్వాత చిరిగిన కోటుతో టోక్యో చేరి అతని ఇంటి తలుపు తడుతుంది. తలుపు తీసినది భార్య. అక్కడినుంచి సినిమా నిండా ఇద్దరూ నడుస్తూనే ఉంటారు: శిథిలాల పక్కగా, సంతలోంచి, వేడినీటి బుగ్గల ఊరిలో, వానలో. అతను పిరికివాడు, స్త్రీలోలుడు, తనను తానే అసహ్యించుకునేవాడు. ఆమె అది తెలిసీ విడిచిపెట్టదు. ఒక అమెరికా సైనికుడి ఆశ్రయం, ఒకనాడు తనను చెరచిన బంధువు దగ్గరే డబ్బు, గర్భస్రావం, చివరకు దక్షిణాన ఎడతెగని వానల యకుషిమా దీవిలో మరణం. మసయుకి మోరి పోషించిన తొమియోకా ఆమె శవం పెదాలకు లిప్‌స్టిక్ రాసి కూలబడతాడు.

ఇలాంటి కథను ఏడుపుగొట్టుగా తీయడం ఎంతో సులువు. తకమినే గొంతును కాస్త కిందికి దించి, ముక్కుతో మాట్లాడినట్టు నిర్లిప్తంగా పలికింది. దెప్పిపొడుపు ఎక్కువ, వేడుకోలు తక్కువ. అతనిమీద కోపం వచ్చిన ప్రతిసారీ ఆమె ముఖంలో ముందు కనబడేది అలసట, ఆ తర్వాతే కోపం. నరుసేతో ఆమె పనిచేసిన తీరు దీనికి అనుకూలించింది. ఆయన సెట్‌లో దాదాపుగా మాట్లాడడు, నటనను వివరించడు, స్క్రిప్టులోని సంభాషణలను చూపుతో చెప్పగలిగిన చోటల్లా కొట్టేసేవాడు. చెప్పకుండా వదిలిన దానిని మోయగల నటి లేనిదే ఈ పద్ధతి నిలబడదు. తాను తీయలేని సినిమాలు రెండే ఉన్నాయనీ, వాటిలో ‘ఉకిగుమో’ ఒకటనీ ఓజు అన్నట్టు ప్రసిద్ధి.

1955 మార్చిలోనే ఆమె కినోషిత వద్ద సహాయ దర్శకుడిగా ఉన్న జెంజో మత్సుయమాను పెళ్లాడింది. తార సంపాదన ముందు అతని జీతం లెక్కలోకి రాదు. పెళ్లయిన నటి తెరను వదిలేయడం ఆనవాయితీగా ఉన్న కాలంలో ఆమె పని మానలేదు. 1957లో దీపస్తంభం కాపలాదారు భార్యగా, 1958లో తొషిరో మిఫునె రిక్షావాలాగా నటించి వెనిస్‌లో స్వర్ణసింహం గెలిచిన హిరోషి ఇనగాకి చిత్రంలో సైనికాధికారి వితంతువుగా కనిపించింది. 1961లో భర్త తొలిసారి దర్శకత్వం వహించిన చిత్రంలో చెవిటి దంపతులలో భార్యగా చేతి సంజ్ఞలతో నటించింది. 1962లో ‘హోరోకి’ (దిమ్మరి దినచర్య)లో ఏకంగా ఫుమికో హయాషి పాత్రనే ధరించి, ఆకలితో, అసూయతో, మొండితనంతో రాసుకుంటూ పోయే రచయిత్రిని ఏమాత్రం అందంగా కనబడనివ్వకుండా చూపింది.

సెత్సుకో హారాతో పోలిక ఇక్కడ తప్పదు. ఓజు చిత్రాల్లో హారా నవ్వులో ఒక ఆదర్శం ఉంటుంది. ఆమె ఏ పాత్ర వేసినా ప్రేక్షకులు హారానే చూశారు, 1960ల ఆరంభంలో ఆమె తెరమరుగై ఆ రూపాన్ని అలాగే భద్రపరిచింది. తకమినేకు అలాంటి స్థిరమైన రూపం లేదు. బట్టలు విప్పే నర్తకి, బడిపంతులమ్మ, పరువుపోయిన ప్రియురాలు, బార్ మామా ఎవరికి వారే. విదేశాల్లో హారా పేరు ముందుగా, తకమినే పేరు ఆలస్యంగా వినబడటానికి ఇది ఒక కారణం కావచ్చు. పండితులు సిద్ధాంతం కట్టడానికి అనువైన ముఖం ఆమెది కాదు. పైగా ఆమె ముఖ్య దర్శకులు నరుసే, కినోషితల సినిమాలు పాశ్చాత్య దేశాలకు కురొసావా, మిజొగుచిల తర్వాతే విస్తృతంగా చేరాయి.

1964 నాటి ‘మిదరెరు’ (కల్లోలం) ఆమె కళకు శిఖరమని చెప్పేవారున్నారు. ఈ వ్యాసం కూడా వారి పక్షమే. పెళ్లయిన కొద్దినెలలకే భర్తను యుద్ధంలో పోగొట్టుకున్న రెయికో, బాంబుల్లో కాలిపోయిన అత్తవారి కొట్టును తిరిగి కట్టి పద్దెనిమిదేళ్లుగా నడుపుతోంది. షిమిజు పట్నంలో సూపర్ మార్కెట్ తెరుస్తారు. అక్కడ గుడ్లు ఎంత చవకంటే, డబ్బున్నవాళ్లు బార్‌లో అమ్మాయిలకు ఉడికించిన గుడ్లు తినే పోటీ పెట్టి నవ్వుకుంటారు. దాన్ని చూసి మరిది కోజి తిరగబడతాడు. చిల్లర కొట్టువాడొకడు ఉరేసుకుంటాడు. కొట్టు స్థానంలో తామే సూపర్ మార్కెట్ పెట్టాలని లెక్కలు వేస్తున్న ఆడపడుచులకు వదిన అడ్డు. తనకన్నా పదేళ్లకు పైగా చిన్నవాడైన కోజి, వదినను ప్రేమిస్తున్నానని చెప్పినప్పుడు కథ మరో మలుపు తిరుగుతుంది. ఆమె ఇల్లు విడిచి పుట్టింటికి రైలెక్కుతుంది, అతనూ అదే రైలెక్కుతాడు.

ఆ రైలు ప్రయాణంలో మాటలు దాదాపు లేవు. జనం దిగేకొద్దీ కోజి ఒక్కో సీటు దగ్గరగా జరుగుతూ వస్తాడు, చివరకు ఎదురుగా కూర్చుంటాడు. మొదట కంగారు, తర్వాత చిరునవ్వు, ఆపైన అతను నిద్రపోతుండగా చూస్తూ ఆమె కంట నీరు. పద్దెనిమిదేళ్లు కొట్టు లెక్కలు తప్ప మరొకటి ఎరగని స్త్రీ ముఖంలో మరో జీవితం మొదలవుతున్నట్టు, అది తనకు చెల్లదని కూడా అదే క్షణంలో తెలుస్తున్నట్టు ఉంటుంది. దారిలో దిగిన గింజాన్ వేడిబుగ్గల ఊళ్లో ఆమె అతన్ని దూరం పెడుతుంది. తెల్లవారేసరికి చాపకప్పిన శవాన్ని మోసుకుపోతుంటారు. కిందికి వేలాడే వేలికి ముందు రోజు ఆమె కట్టిన కాగితపు దారం. ఆమె వెంట పరిగెత్తి ఆగుతుంది, చెదిరిన జుట్టుతో ఆ ముఖం దగ్గరగా కనబడుతుంది, సినిమా అయిపోతుంది. ఏడుపు లేదు, కేక లేదు. ఈ పాత్రకు లొకార్నో చిత్రోత్సవంలో ఆమెకు ఉత్తమ నటి బహుమతి వచ్చింది. ఈ సినిమా కథనం రాసినవాడు ఆమె భర్తే.

నరుసేతో ఆమె చివరి చిత్రం 1966లో వచ్చింది. జబ్బుపడిన ఆ దర్శకుడు ఆమెతో ఒక కోరిక చెప్పాడు: సెట్లు వద్దు, రంగులు వద్దు, వెనక తెల్లని తెర ఒక్కటి, దాని ముందు నటులు, అంతే, అలాంటి సినిమా ఒకటి తీయాలి, అందులో నువ్వుండాలి అని. అది తీయకుండానే ఆయన 1969లో చనిపోయాడు. ఆ తర్వాత ఆమె నటించిన సినిమాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో మతి తప్పిన మామగారికి సేవచేసే కోడలి కథ ‘కోకొత్సు నో హితొ’ (1973) చెప్పుకోదగ్గది. స్టూడియోల వ్యవస్థ కూలి, దాయెయి దివాలా తీసి, టెలివిజన్ ఇంటింటికీ చేరిన రోజులవి. ఆమె కలం పట్టింది. 1976లో పుస్తకంగా వచ్చిన ఆత్మకథ ‘వతాషి నో తోసెయి నిక్కి’కి జపాన్ వ్యాసరచయితల సంఘం బహుమతి లభించింది. ‘తోసెయి’ అంటే లోకంలో ఈదుకురావడం, బతుకుతెరువు అని అర్థం. పెంపుడుతల్లితో డబ్బు తగాదాల నుంచి చదువు లేని అవమానం దాకా అన్నీ అందులో సూటిగా ఉన్నాయి. 1979లో కినోషిత చిత్రంలో చివరిసారి నటించి తప్పుకుంది. ఆ తర్వాత మూడు దశాబ్దాలపాటు వంట గురించి, పాత వస్తువుల గురించి, తోటి నటుల గురించి రాస్తూ గడిపి, 2010 డిసెంబర్ 28న టోక్యోలో ఎనభై ఆరో ఏట కన్నుమూసింది.